మెదడు మ్యూజియం నుంచి మామ పూలబుట్ట దాకా

పోయిన వారం మా అత్త ఫోన్లో ఒక మాట అడిగింది. "మూడేండ్లుగా మీ మామకు అన్నం పెట్టి, చెయ్యి పట్టుకోని తిప్పుతుండాను. దాంట్లో ఒక్కటన్నా ఆయన లోపల మిగిలి ఉండాదా అప్పా?" మామ సిటీ బస్సు కండక్టరుగా రిటైరయ్యాడు. మూడేళ్ళ కిందట మెదడువాపు జ్వరం వచ్చి బతికి బయటపడ్డాడు గానీ, అప్పటి నుంచి జరిగిందేదీ ఆయనకు నిలవదు. తాగిన కాఫీ పది నిమిషాల్లో మాయమైపోతుంది. మెదడులో హిప్పోకాంపస్ అనే భాగం దెబ్బతిందన్నారు డాక్టర్లు. అత్తకు జవాబు చెప్పేముందు ఆ హిప్పోకాంపస్ మొహం ఒకసారి చూసొద్దామని బయల్దేరాను.

నగరంలో ఒక పెద్ద ఆసుపత్రిలో మెదడు మ్యూజియం ఉంది. శనివారం సందర్శకులను రానిస్తారని ముందే ఫోన్ చేసి కనుక్కున్నాను. బ్రూక్‌ఫీల్డ్‌లోని మా ఇంటి నుంచి ఎనిమిదిన్నరకు కదిలి, కుందలహళ్ళిలో మెట్రో ఎక్కి, ముప్పావుగంటలో ఎం.జి.రోడ్‌లో దిగాను. అక్కడి నుంచి ఆటోకు నూట యాభై. డ్రైవర్‌ది మదనపల్లి వైపట. ఎక్కడికో చెప్పగానే నవ్వాడు. "మెదడు ఉండాదో లేదో చూపించుకోని రమ్మని మా ఇంటిది దినామూ చెప్తాది సార్. మీతో నేనూ వస్తా" అన్నాడు.

లోపల గాజు జాడీల్లో వరసగా మెదళ్ళు. అవన్నీ చూపించిన అమ్మాయిది హిందూపురం. నా చేతులకు గ్లవ్స్ తొడిగించి నిజమైన మెదడును అరచేతుల్లో పెట్టింది. ఒక మనిషి నేర్చుకున్న మాటలు, పడ్డ గొడవలు, చేసిన ప్రేమ అన్నీ ఉన్న చోటు ఇదేనా అనుకున్నాను. చేతులు కదపడానికే భయమేసింది. తర్వాత ఆమె ఒక కోసిన ముక్కలో లోపలివైపు ఉన్న హిప్పోకాంపస్‌ను చూపించింది. చిటికెన వేలంత ఉంది, సముద్రపు గుర్రంలా వంపు తిరిగి. "రెండు పక్కలా ఒక్కొక్కటి ఉంటాది సార్. ఈ పొద్దు జరిగింది రేపటికి గుర్తుండాలంటే దీని గుండానే పోవాల. ఏండ్ల కిందటివి మెల్లగా పై పొరల్లో సర్దుకోనుంటాయి. అందుకే అవి చాలావరకు మిగులుతాయి."

"మరి సైకిల్ తొక్కడం?" అని అడిగాను.

"అది వేరే డిపార్ట్‌మెంట్ సార్" అని నవ్వి, మెదడు లోతుల్లో ఉన్న బేసల్ గాంగ్లియానూ వెనక కిందుగా ఉన్న చిన్నమెదడునూ చూపించింది. "చేతిపనిని ఇవి పట్టుకుంటాయి. నేర్చుకున్న సంగతి మనిషికి గుర్తులేకపోయినా పని వచ్చేస్తాది." ఆ మాట విన్నాను గానీ నమ్మబుద్ధి కాలేదు.

అదే మెట్రోలో వెనక్కి వచ్చి కె.ఆర్.పురంలో దిగాను. స్టేషన్ నుంచి అత్తావాళ్ళ ఇల్లు పదిహేను నిమిషాల నడక. ఇంటి ముందే అత్త పూలు కట్టి అమ్ముతుంది. "ఎప్పుడొచ్చినావప్పా?" అన్నాడు మామ. అన్నం తినేలోగా ఇంకో మూడుసార్లు అదే అడిగాడు. పాత రూటు అడిగితే మాత్రం "శివాజీనగర్, అలసూరు, ఇందిరానగర్, టిన్ ఫ్యాక్టరీ" అంటూ గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. పై పొరలు పదిలంగానే ఉన్నాయన్నమాట.

భోజనాలయ్యాక అత్త మల్లెమొగ్గల బుట్ట, దారపుండ ఆయన ముందు పెట్టింది. "ఆర్నెల్లుగా పక్కన కూర్చోబెట్టుకోని నేర్పుతుండాను. దినామూ ఒకే మాట చెప్తాడు, చూడు" అంది.

మామ బుట్ట వైపు బిడియంగా చూశాడు. "నాకు పూలు కట్టేది రాదే. నేను కండక్టర్ని కదా."

"ఊరికే పట్టుకో" అంది అత్త.

పట్టుకున్నాడు. రెండు మొగ్గలు అటు, రెండు ఇటు, దారం ఒక చుట్టు, ఒక బిగింపు. వేళ్ళు వాటంతటవే పోతున్నాయి. చూస్తుండగానే మూరెడు మాల అయింది. "ఎవరు నేర్పించినారు మామా?" అన్నాను.

"ఎవురూ నేర్పలేదప్పా, నాకు రాదు" అన్నాడు కడుతూనే.

అప్పుడు గమనించాను. సంతకం నుంచి టిక్కెట్లు చించడం దాకా అన్నీ కుడిచేత్తో చేసిన మనిషి, దారం ఎడమచేత్తో చుడుతున్నాడు. పక్కకు తిరిగి చూస్తే కనకాంబరాలు కడుతున్న అత్త కూడా ఎడమచేత్తోనే చుడుతోంది. ఆమెది పుట్టినప్పటి నుంచీ ఎడమచేతి వాటం. "అత్తా, మామ చెయ్యి చూడు" అన్నాను. తలొంచుకుని తన పని తాను చేసుకునే అత్త ఇన్నాళ్ళూ అది చూడనే లేదు. ఆయన చేతినీ తన చేతినీ మార్చి మార్చి చూసింది.

"ఇది నా చెయ్యే కదప్పా" అంది. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. మామ కంగారుపడి, ఎందుకు ఏడుస్తున్నావని అడుగుతూ, కట్టిన మూరెడు మాల ఆమె ఒళ్ళో పెట్టాడు.

మనిషంటే గుర్తున్న సంగతుల మూట అనుకునేవాణ్ణి ఇన్నాళ్ళూ. ఆ మూట విప్పి పారబోసినా, ఆయనకు తెలియకుండానే ఆయనలో ఒక చోట అత్త కూర్చుని పూలు కడుతోంది. చిన్న పుర్రెలో ఇన్ని గదులు పెట్టిందెవరో గానీ, దండం పెట్టాలనిపించింది. మీరూ ఇలాంటివారి ఇంటికి వెళ్తుంటే ఒక్క సలహా: "నేనెవరో గుర్తుపట్టావా?" అని పరీక్ష పెట్టకండి. మీ పేరు మీరే చెప్పి, పక్కన కూర్చుని, వాళ్ళతో కలిసి ఏదైనా చేతిపని చేయండి. మీరు వచ్చినట్టు వాళ్ళు మరిచిపోయినా సరే, మళ్ళీ వెళ్ళండి.