నాలుగు చీరల దూరం

2011 జూన్ 11, శనివారం, ఉదయం 5 గంటల 42 నిమిషాలు. షామ్‌బర్గ్‌లో తన ఇంటి డ్రైవ్‌వేలో నిలిపిన మోటార్‌హోమ్‌లో, పడకకు ఎదురుగా ఉన్న అల్మరా ముందు, భీమశంకరం బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. అల్మరాలో బట్టలు లేవు. నిన్న సాయంత్రం నుంచి అందులో ఒక తెల్లటి యంత్రం ఉంది. దాని గుండ్రటి గాజు తలుపులో కిటికీ అంచు, దాని వెనుక తెల్లవారిన ఆకాశం, ఆకాశం మీద తన ముఖం పలచగా తేలుతున్నాయి. కాసేపు చూస్తే ఏది లోపలిదో, ఏది బయటిదో తెలియడం లేదు.

ఉతకడం, ఆరబెట్టడం రెండూ ఒకే తొట్టెలో చేసే యంత్రం అది. ఈ ఉదయం అది ఒక చీరను ఉతికి, మధ్యలో తలుపు తెరవనక్కరలేకుండా పొడిగా ఆరబెడితే, ప్రమోద తనతో పడమటికి వస్తుంది. లేకపోతే రాదు. ఆమె అంత మాట అనలేదు. "చూద్దాం" అంది. ముప్పై ఆరేళ్ళ కాపురంలో ఆ మాట బరువెంతో అతనికి తెలుసు.

బరువులు తెలుసుకోవడమే అతని వృత్తి. వాల్తేరులో రసాయనశాస్త్రం చదివి, 1971లో ఈ దేశం వచ్చి, ఆహారపు పొడులు తయారుచేసే ఒక సంస్థ ప్రయోగశాలలో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేశాడు. పాలపొడిలో, పిండిలో, ఎండిన ఉల్లిపాయలో ఇంకా ఎంత నీరు దాగి ఉందో చెప్పడం అతని పని. నమూనాను తూచాలి, వేడిపెట్టాలి, చల్లార్చి మళ్ళీ తూచాలి. వరుసగా రెండుసార్లు ఒకే అంకె వచ్చేదాకా ఇది సాగుతుంది. ఆ అంకెను స్థిరభారం అంటారు. కంటికి పొడిగా కనిపించేదంతా పొడి కాదని, నీరు చాలా ఓపికగా దాక్కుంటుందని నేర్చుకోవడానికి అతనికి మొదటి సంవత్సరం పట్టింది. మిగతా ముప్పై ఏళ్ళు ఆ నమ్మకంతోనే గడిచాయి.

ప్రమోద పెథాలజిస్టు. ఇరవై తొమ్మిదేళ్ళు ఆసుపత్రిలో ఇతరుల కణజాలాన్ని సూక్ష్మదర్శిని కింద చూసింది. ఇంట్లో ఆమెకు మడి ఉంది. ముందురోజు తడిపి, ఎవరి చేయీ తగలకుండా ఆరిన చీరను ఉదయం స్నానం చేశాక కట్టుకుంటుంది. ఆ చీరతోనే పూజ, వంట. అవి ముగిసేదాకా ఆమెను ఎవరూ ముట్టుకోకూడదు. ఇందుకోసం బేస్‌మెంట్‌లో, నేలకు ఆరడుగుల పది అంగుళాల ఎత్తున అల్యూమినియం గొట్టంతో ఒక దండెం ఉంది. చీరను పైకి వేయడానికి, కిందికి తీయడానికి ఒక వెదురుకర్ర ఉంది. మంగళగిరి నేత చీరలు నాలుగున్నాయి.

ఆ నాలుగు చీరలే వాళ్ళ భూగోళం. ప్రయాణానికి నాలుగూ సంచిలో మడిగా కట్టి తీసుకువెళితే నాలుగు ఉదయాలు గడుస్తాయి. ఐదో ఉదయానికి దండెం కావాలి. మోటెల్ గదిలో దండెం ఉండదు. వెయ్యిమంది బట్టలు తిరిగిన లాండ్రీ యంత్రంలో చీర వేయడానికి ఆమెకు మనసొప్పదు. పార్సిప్పనీలో ఉన్న కూతురు శ్రుతి ఇంట్లో దండెం ఉంది కాబట్టి అక్కడికి విమానంలో వెళతారు. మిగతా ఎక్కడికైనా రెండు రోజులు పోను, రెండు రోజులు రాను. హాల్లోని దేశపటం మీద పడమటి వైపు వాళ్ళు చూసిన చివరి ఊరు సూ ఫాల్స్, ఇంటి నుంచి 548 మైళ్ళు. ఆ ఊరి దాకా పటం కాగితం వేళ్ళు తగిలి మాసిపోయింది. దాని అవతల పర్వతాలు, ఎడారులు, సముద్రం కొన్ననాటి రంగుల్లోనే ఉన్నాయి. భీమశంకరానికి అప్పుడప్పుడు వచ్చే కలలో అతను పటం అంచున నిలబడి ఉంటాడు, ముందు నేల ఉండదు, గాలి మాత్రం చల్లగా వీస్తూ ఉంటుంది.

"మానెయ్యకూడదా, ప్రయాణాల్లోనైనా?" అని ఒక్కసారే అడిగాడు, చాలా ఏళ్ళ క్రితం.

"ఇది భక్తో భయమో నాకూ తెలీదండీ," అంది ఆమె. "రోజంతా అందరూ నా దగ్గరికి ఏదో ఒకటి పట్టుకుని వస్తారు. ఆ గంటన్నర మాత్రం నన్నెవరూ ముట్టుకోరు. అదొక్కటి నాకు ఉంచండి."

అతను మళ్ళీ అడగలేదు.

ఇద్దరూ రిటైరయ్యాక, గత అక్టోబరులో, ముప్పై నాలుగు అడుగుల మోటార్‌హోమ్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. వంటిల్లు, స్నానాలగది ఉన్నాయి. దండెం కట్టే ఎత్తు మాత్రం లేదు. ఫిబ్రవరిలో పళ్ళ డాక్టరు దగ్గర వంతు కోసం కూర్చుని, పాత పత్రిక తిరగేస్తూ ఈ యంత్రం ప్రకటన చూశాడు. మామూలుగా తడిబట్టను ఒక యంత్రంలోంచి తీసి మరో యంత్రంలో వేయాలి; అక్కడే చేయి తగులుతుంది. ఇందులో రాత్రి తలుపు మూస్తే, పొద్దున స్నానం చేసి వచ్చి ఆమే తెరుస్తుంది. నడుమ ఎవరి చేయీ లేదు. పత్రికలోని ఆ పేజీని అడిగి చింపుకుని వచ్చాడు.

బిగింపు నిన్న జరిగింది. కాలనీ సంఘం నిబంధన ప్రకారం ఇంత పెద్ద వాహనాన్ని ఇంటి ముందు నలభై ఎనిమిది గంటలకు మించి ఉంచకూడదు. శుక్రవారం ఉదయం తొమ్మిదికి తెచ్చారు కాబట్టి ఆదివారం ఉదయం తొమ్మిదికి తీసేయాలి. సాయానికి పక్క వీధి ధర్మారావు వచ్చాడు. వంతెనలు కట్టిన ఇంజనీరు, నోరు ఊరుకోని మనిషి.

"ఏమోయ్ శంకరం, ఇప్పటికి మూడోసారి కొలుస్తున్నావు. అల్మరా ఏమన్నా పెరుగుతుందా?"

"లోతు ఇరవై నాలుగున్నర. వెనక గొట్టాలకి రెండంగుళాలు వదలాలి."

"వదులు, వదులు. నేను బ్రిడ్జిలకి కూడా ఇంత కొలవలేదు."

"అందుకే నేనెప్పుడూ వాటి మీద డ్రైవ్ చేయను."

ధర్మారావు పగలబడి నవ్వాడు. నూట నలభై ఎనిమిది పౌన్ల యంత్రాన్ని పాత తలుపుచెక్క మీద జారుస్తూ ఇద్దరూ లోపలికి చేర్చారు. వేడినీళ్ళకు, చన్నీళ్ళకు గొట్టాలు తగిలించారు. తడిగాలి బయటికి పోవడానికి వాహనం గోడలో నాలుగు అంగుళాల రంధ్రం కోశారు. ఆ రంధ్రంలోంచి వాకిటి గడ్డి ఒక పచ్చటి నాణెంలా కనిపించింది.

యంత్రం వెనుక నాలుగు పొడవాటి బోల్టులు ఉన్నాయి. రవాణాలో తొట్టె కదలకుండా కర్మాగారంలో బిగించి పంపేవి. వాడేముందు వాటిని తీసేయాలని సూచనల పుస్తకం నాలుగో పేజీలో ఉంది. భీమశంకరం ఆ వాక్యం రెండుసార్లు చదివాడు. తరువాత తనదైన తర్కంతో ఆలోచించాడు. ఈ బోల్టులు ప్రయాణం కోసం. ఇంట్లో పెట్టే యంత్రానికి ప్రయాణం అయిపోతుంది కాబట్టి తీసేస్తారు. ఈ యంత్రం ప్రయాణం ఇప్పుడే మొదలవుతోంది. కాబట్టి ఉంచాలి.

"భేషుగ్గా ఉంది లాజిక్కు," అన్నాడు ధర్మారావు. బోల్టులు ఉండిపోయాయి.

ఇప్పుడు, 5 గంటల 50 నిమిషాలకు, ప్రమోద తలస్నానం చేసి, తడిజుట్టుకు తుండు చుట్టుకుని, ఇంటి వెనుక తలుపులోంచి వచ్చింది. చేతిలో మెరూన్ అంచు తెల్ల చీర. భీమశంకరం తుడిచి ఉంచిన త్రాసు మీద దాన్ని తనే పెట్టింది. 519 గ్రాములు. అతను తన నోటుపుస్తకంలో రాసుకున్నాడు. ఆమె చీరను తొట్టెలో వేసి తలుపు మూసింది.

నీళ్ళు వచ్చాయి. గాజు వెనుక చీర మెల్లగా విచ్చుకుంది. మెరూన్ అంచు ఒకసారి పైకి తేలి, ఒకసారి లోతుకు పోతూ, ఏదో నదిలో తీరికగా ఈదుతున్నట్టుంది. ఇద్దరూ ఎదురుగా కూర్చుని ఆ నదిని ముప్పై ఎనిమిది నిమిషాలు చూశారు.

ఆ తరువాత తొట్టె వేగంగా తిరగడం మొదలుపెట్టింది. మొదట నేల సన్నగా వణికింది. తరువాత అల్మరాల్లోని గిన్నెలు మోగాయి. చివరికి ముప్పై నాలుగు అడుగుల మోటార్‌హోమ్ మొత్తం, తన స్ప్రింగుల మీద, పూనకం వచ్చినట్టు ఊగింది. యంత్రం అల్మరాలోంచి రెండంగుళాలు ముందుకు నడిచి, ఎర్రదీపం వెలిగించి ఆగిపోయింది.

బయట కాఫీ ఫ్లాస్కుతో వస్తున్న ధర్మారావు కేక వేశాడు. "శంకరం! నన్ను వదిలేసి స్టార్ట్ అయిపోయావా ఏంటి?"

భీమశంకరం కదల్లేదు. తడిచీర గాజుకు అంటుకుని ఉంది. పటం మీద సూ ఫాల్స్ అవతలి రంగులు అతని కళ్ళ ముందు నెమ్మదిగా వెలిసిపోయాయి. ఈమె ఇప్పుడు లేచి, తలుపు తెరిచి, చీర పిండి బేస్‌మెంట్‌కి తీసుకుపోతుంది. తను వాహనాన్ని అమ్మకానికి పెడతాడు. అంతే.

"ఆ సూచనల పుస్తకం ఇలా ఇవ్వండి," అంది ప్రమోద.

"చదివాను."

"చదివారని తెలుసు. ఇవ్వండి."

అతను పుస్తకాన్ని నేల మీద పెట్టాడు, ఆమె తీసుకుంది. స్లైడు చూసినట్టు, పేజీ మూల నుంచి మూలకు చూసుకుంటూ పోయి, నాలుగో పేజీ దగ్గర ఆగింది.

"ఈ బోల్టులు తీశారా?"

"అవి ప్రయాణం కోసం. మనం ప్రయాణం చేస్తాం కదా అని..."

ప్రమోద అతని వైపు చూసింది. పెదవులు బిగించింది. ఆ తరువాత, నోటికి చేయి అడ్డం పెట్టుకుని, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. ఆమె అలా నవ్వి ఎన్నాళ్ళయిందో అతను లెక్క వేయబోయి మానేశాడు.

"ముప్పై ఒక్క ఏళ్ళు ఊరి శాంపిల్స్ అన్నిటికీ ప్రొసీజర్ ఫాలో అయ్యారు. మన చీర దగ్గరికొచ్చేసరికి సొంత సిద్ధాంతమా? తొట్టె లోపల ఊగాలి కాబట్టే స్ప్రింగులు పెట్టారు. మీరు దాన్ని కట్టేస్తే, పాపం, బండినే ఊపింది."

"వదినగారూ, లాజిక్కు నేను కూడా పాస్ చేశాను. నన్ను కూడా తిట్టండి," అన్నాడు ధర్మారావు గుమ్మంలోంచి.

"మిమ్మల్ని తర్వాత. ముందు ఇద్దరూ కలిసి దాన్ని ముందుకు లాగండి. తలుపు మాత్రం తెరవకండి. చీర ఇంకా మడిగానే ఉంది."

'ఇంకా' అనే ఆ మాట భీమశంకరం చెవిలో చాలాసేపు నిలిచింది.

నీళ్ళతో బరువెక్కిన యంత్రాన్ని అంగుళం అంగుళం లాగారు. పదమూడు మిల్లీమీటర్ల స్పానరుతో నాలుగు బోల్టులూ తీసి, రంధ్రాలకు ప్లాస్టిక్ బిరడాలు పెట్టి, మళ్ళీ లోపలికి నెట్టారు. 7 గంటల 26 నిమిషాలకు ప్రమోద మీట నొక్కింది. తొట్టె తిరిగింది. ఈసారి నిద్రలో పిల్లి గురగురలాడినట్టు సన్నటి మోత, అంతే. ధర్మారావు తన ఫ్లాస్కులోని కాఫీ తనే తాగి, "ఇక మీ ఇద్దరి హనీమూన్‌లో నాకేం పని" అంటూ వెళ్ళిపోయాడు.

ఆరడానికి రెండు గంటల నలభై నిమిషాలు. ముందున్న రెండు సీట్లలో, నడుమ జానెడు ఎడంతో, ఇద్దరూ కూర్చున్నారు. గోడలోని రంధ్రంలోంచి వెచ్చటి ఆవిరి జూన్ గాలిలోకి పోతూ, కిటికీల పక్కగా పాకుతోంది. ఉతికిన నూలు వాసన వాహనమంతా నిండింది. భీమశంకరానికి కునుకు పట్టింది. కునుకులో వాహనం కదిలింది. డ్రైవ్‌వే చివరి మేపుల్ చెట్టు వెనక్కి పోయింది; ఇళ్ళు పోయాయి; గడ్డిభూములు నీళ్ళలా అలలెత్తాయి. పటం అంచు వచ్చింది. అక్కడ నేల ఉంది. నేల మీద ఒక తెల్ల చీర, ఎవరి చేయీ తగలకుండా, దానంతటది పరుచుకుంటూ ముందుకు పోతోంది.

"ఏవండీ. ఆగింది."

ఆమె మళ్ళీ కాళ్ళూ చేతులూ కడుక్కుని చీరను తనే తీసి త్రాసు మీద వేసింది. 526. వేళ్ళకు పొడిగానే ఉందంది.

"ఏడు గ్రాములు నీరుంది," అన్నాడతను. "వేళ్ళకి తెలీదు."

"నాకు వేళ్ళు చాలు."

"నాకు చాలవు, ప్రమోదా. నీకు తడి చీర ఇచ్చి పొడిదని చెప్పలేను."

ఆమె చీరను మళ్ళీ లోపల వేసింది. ఇరవై నిమిషాల తరువాత 511. ఇంటి గాలిలో ఉన్నప్పటికన్నా తక్కువ. మరో పది నిమిషాలు. మళ్ళీ 511.

"స్థిరభారం," అన్నాడు భీమశంకరం.

ప్రమోద చీరను చెంపకు ఆనించుకుంది. వెచ్చగా ఉందేమో, కళ్ళు మూసుకుంది. "ఐదో చీర కొనక్కర్లేదన్నమాట," అంది.

జూన్ 25 ఉదయం, బయలుదేరిన ఐదో రోజు, వయోమింగ్‌లో, షెరిడన్ అనే ఊరి పక్క క్యాంపుగ్రౌండ్‌లో భీమశంకరం నిద్రలేచేసరికి యంత్రం తలుపు తెరిచి ఉంది, లోపల ఖాళీ. అగరువత్తి పొగ కిటికీ దాకా వెళ్ళి, అక్కడ బిగ్‌హార్న్ కొండల మీది మంచుతో కలిసిపోయినట్టు కనిపించింది. మెరూన్ అంచు తెల్ల చీరలో ప్రమోద పొయ్యి దగ్గర నిలబడి ఉంది. కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టి, ఒక అడుగు వెనక్కి జరిగింది. అతను ముందుకు వచ్చి గ్లాసు తీసుకున్నాడు.

"మడి," అంది ఆమె, చిన్నగా నవ్వుతూ. "ముట్టుకోకండి."

"ముట్టుకోను."

డ్రైవరు సీట్లో కూర్చుని, నోటుపుస్తకం తెరిచి, ఇంటి దగ్గర సున్నా చేసి బయలుదేరిన మీటరు చూసి, తారీఖు పక్కన అంకె వేశాడు.

1,163 మైళ్ళు.