నడికుడి స్టేషన్లో మేకలకు ఆకుమేత

1946 ఎండాకాలంలో నన్ను నడికుడికి అసిస్టెంట్ స్టేషన్ మాస్టరుగా వేశారు. గుంటూరు–మాచర్ల మీటరుగేజి లైను మీద అప్పట్లో అది చిన్న స్టేషను. నా పైఅధికారి అయిన స్టేషన్ మాస్టరు గారు నిబంధన దాటి అడుగు వేసేవారు కారు.

ఒకరోజు ఉదయం మాచర్ల నుంచి వచ్చిన మిక్స్‌డ్ బండిలో, అంటే ప్రయాణికుల పెట్టెలూ సరుకు వ్యాగన్లూ కలిసిన బండిలో, ఒక వ్యాగన్ ఇరుసు దగ్గర పొగ లేచింది. మేము దాన్ని 'హాట్ యాక్సిల్' అనేవాళ్లం. అలాంటి వ్యాగన్‌ను 'సిక్' అని రాసి, బండి నుంచి విడదీసి, పక్క లైనులో నిలబెట్టాలి. గుంటూరు నుంచి మెకానిక్ వచ్చి చూసేదాకా అది కదలకూడదు. అతను మర్నాడు మధ్యాహ్నానికి గానీ రాలేనన్నాడు.

వ్యాగన్ నిండా మేకలు. వాటి యజమాని మస్తాన్ సాయిబు మాచర్ల అడవి పల్లెల్లో తిరిగి కొన్న పాలమేకలవి. ఆయన బతుకుదెరువంతా ఆ ఇనప పెట్టెలోనే ఉంది.

"సాయంత్రానికి గుంటూరు చేరతామని మేత తేలేదు మాస్టారూ. ఈ ఎండకి పెట్టెలోనే ఉడికిపోతాయి" అన్నాడు.

మాస్టరు గారు నిబంధనల పుస్తకం తిరగేసి, యజమాని పూచీ మీద దించవచ్చన్నారు. సరుకులు దించే, కంచె కట్టిన గట్టు మీదికి మేకల్ని దించాం. తన గేదె కోసం దాచుకున్న వరిగడ్డి కూడా మాస్టరు గారే పంపించారు. మేకలు వాసన చూసి మొహం తిప్పుకున్నాయి.

నీళ్లకు వచ్చిన గ్యాంగ్‌మన్ భార్య మరియమ్మ అది చూసి పకపకా నవ్వింది. "ఏంది సాయిబన్నా, మేకలకి వరిగడ్డా? అయ్యి తలెత్తుకుని తినే జీవాలు. కొమ్మలు కట్టాల."

"నాకు తెలవదా చెల్లెమ్మా! మాస్టారు ప్రేమగా పంపిస్తే వద్దని ఎట్టా అంటా?"

గ్యాంగ్‌మన్లు కొమ్మలు అందుకుని కోసే దోటీలు తీసుకుని బయల్దేరారు. తుమ్మ, రేగు, వేప కొమ్మలు తెచ్చి, ఆకు కిందికి వేలాడేలా కంచెకు కట్టాం. మేకలు ముందుకాళ్లు కంచె మీద వేసి లేచి నిలబడి, ముళ్ల మధ్య నుంచి ఆకును ఒడుపుగా తెంపుకోసాగాయి. వేప మేలని మరియమ్మ, రేగే మేలని సాయిబు వాదులాడుకుంటుండగానే రెండూ అయిపోయాయి.

పొద్దు వాలేసరికి దోటీకి అందే ఆకంతా తీరిపోయింది. పక్క స్టేషన్ గురజాలకు ఫోన్ చేసి, పొద్దున బండిలో కొమ్మలు పంపమని అక్కడి మిత్రుణ్ణి అడిగాను.

మర్నాడు వచ్చిన బండిని చూసి స్టేషనంతా బయటికొచ్చింది. గార్డు పెట్టె నిండా కొమ్మలే. గురజాలలో సంగతి విన్న ప్రయాణికులు కూడా కిటికీల్లోంచి తలా ఒక కొమ్మ చాపి కూర్చున్నారు. ఈ సరుకును ఏమని రాయాలని గార్డు అడిగాడు. మాస్టరు గారు ఆలోచించి, "ఆకుకూరలు" అన్నారు. ప్లాట్‌ఫారమంతా గొల్లున నవ్వింది.

ఆ సందడిలోనే ఒక చూలుమేక ఈనింది. సాయిబుకు కొత్త భయం పట్టుకుంది. "పిల్లకి టిక్కెట్టు కొనాల్నా మాస్టారూ?"

"ఒళ్లో పిల్లకు టిక్కెట్టు లేదు. తల్లి పక్కనే ఎక్కించు" అన్నారాయన, నవ్వు ఆపుకోలేక.

మధ్యాహ్నం మెకానిక్ వచ్చి ఇరుసు సరిచేశాడు. మిగిలిన కొమ్మల్ని వ్యాగన్ లోపల వేలాడదీసి, మేకలన్నింటినీ క్షేమంగా గుంటూరు పంపాం.

బస్తాలు ఆగిపోతే కాపలా చాలు. పశువులు ఆగిపోతే ముందు మేత చూడాలి. ఆ తరువాత నేను ఏ స్టేషన్లో చేరినా, సిగ్నళ్లతో పాటు చుట్టుపక్కల ఏ చెట్లున్నాయో కూడా మొదటిరోజే చూసుకునేవాణ్ణి.