అర అంగుళం తేడా

ఆ రోజుల్లో నా దిగుళ్లన్నీ అద్దంలోంచే వచ్చేవి. ఇప్పుడు ఒంట్లో ఎక్కడో ఒకచోట నొప్పెడుతూనే ఉంటుంది గానీ, చూసుకునే ఓపిక లేదు. అప్పుడు ఏ నొప్పీ లేదు, చూసుకోవడమే పని. పోర్టులో ఒక కాంట్రాక్టరు దగ్గర ఉద్యోగం, పొద్దున్నే కంచరపాలెంలో రైలు పట్టాల పక్కనున్న జిమ్ము. అక్కడ అందరం డంబెల్ బావ అని పిలిచే ఒకతను ఉండేవాడు. ఒకరోజు నేను అద్దం ముందు చేతులు మడిచి నిలబడితే, నీళ్లు తాగుతూ, "బావా, నీ ఎడం సెయ్యి సన్నంగా ఉందేటి?" అని, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయాడు. ఆ మాట అతను గుమ్మం దాటకముందే మర్చిపోయి ఉంటాడు. నేను మూడు నెలలు మోశాను.

ఇంటికెళ్లి అమ్మ కుట్టుమిషను మీది టేపుతో కొలుచుకున్నాను. ఎడమది అర అంగుళం తక్కువ. ఇక ఆ రోజు నుంచి బరువులన్నీ ఎడమ చేతికే. నీళ్ల బిందె ఎడమ చేత్తో, బస్సులో వేలాడడం ఎడమ చేత్తో, పళ్లు తోముకోవడం కూడా ఎడమ చేత్తోనే (ఆ కష్టం నా చిగుళ్లకు తెలుసు). "ఏట్రా, కుడి సెయ్యి పడిపోయిందేటి?" అని అమ్మ కంగారు పడింది. దానికి రెస్టు ఇస్తున్నానని చెప్పాను. "అదేటి పన్జేసిందనిరా రెస్టు?" అంది.

అప్పుడే ఒక ఫ్యాక్టరీలో ఫైర్‌మన్ ఉద్యోగానికి పిలుపొచ్చింది. పర్మినెంటు. నాన్న లేని మా ఇంట్లో, అమ్మ మిషను తొక్కి నెట్టుకొస్తున్న ఇంట్లో, ఆ ఒక్క మాటకి ఎంత విలువో చెప్పక్కర్లేదు. పరీక్షలో ఇసక బస్తా మొయ్యాలి, తాడు ఎక్కాలి. బుద్ధున్నవాడైతే తాడు ఎక్కడం నేర్చుకునేవాడు. నేను, ఆఫీసర్లు ముందు నా చేతులే చూస్తారనుకుని, ఎడమదాని కసరత్తు రెట్టింపు చేశాను. పరీక్ష నాలుగు రోజులుందనగా ఎడమ భుజం కలుక్కుమంది. చొక్కా తొడుక్కోడానికి అమ్మ సాయం పట్టాల్సి వచ్చింది.

చేపలివ్వడానికి వచ్చిన మావయ్య నా భుజానికి నూనె రాస్తూ సంగతంతా విన్నాడు. ముప్పై ఏళ్లుగా సముద్రం మీద వల లాగుతున్న మనిషి. బనీను విప్పి వీపు నా వైపు తిప్పాడు. కుడి భుజం గుట్టలా ఉంది, ఎడమది కిందికి జారిపోయి ఉంది. "నానెప్పుడూ వల తాడు ఈ పక్కే ఏసి లాగుతాను. ఒక్కసారైనా నా భుజాలు కొలవలేదురా," అన్నాడు.

పరీక్షలో బస్తా మోశాను. తాడు మాత్రం సగం దాకా ఎక్కి, అక్కడే వేలాడాను. కిందనుంచి ఆఫీసరు చాలా మర్యాదగా, "బాబూ, ఎక్కుతావా, దిగుతావా? వెనక జనం ఉన్నారు," అన్నాడు. దిగాను.

ఆ సాయంత్రం అమ్మ టేపు తీసి తనే నా రెండు చేతులూ కొలిచింది. "ఎడందే లావుగా ఉంది గదరా," అంది. నన్నే కొలిచి చూపించమంది. నేను కొలిస్తే మళ్లీ ఎడమదే తక్కువొచ్చింది. అమ్మ నా చేతులకేసి చూసి, "కుడి సెయ్యి కొలిసినప్పుడు టేపు ఎడం సేత్తో పట్టుకుంతన్నావు. ఆ సేత్తో టేపు బిగించడం నీకు రాదు, వదులైపోయి ఎక్కువ సూపిస్తంది," అంది. అంటే మొదటి రోజూ ఇలాగే కొలిచాను; ఆ అర అంగుళం అసలు లేనేలేదు. ఇద్దరం నవ్వాం. తర్వాత అమ్మ మిషను ముందుకెళ్లి, ఏమీ కుట్టకుండా చాలాసేపు కూర్చుంది.

పోర్టులోనే ఉండిపోయాను. మొన్న సింహాచలం మెట్లెక్కుతూ సగంలో ఆయాసంతో కూలబడ్డాను. ఎందుకో అద్దం ముందు నిలబడిన ఆ కుర్రాడు, అప్పటి నేను, గుర్తొచ్చాడు. పక్కన ఉంటే బాగుండును అనిపించింది, నన్ను లేపడానికి. ఏ చెయ్యి ఇచ్చినా పట్టుకుని లేచేవాణ్ణి.