గోపాలమిత్ర బండికి వెనక సీటు

2024, వానకాలం ఆఖరు దినాలు. మానుకోటల, అంటే కాయిదాల మీద రాసే మహబూబాబాద్ల, గూడూరు పోయే రోడ్డు మీద నా రేకుల షెడ్డు ఉన్నది. బండ్లు రిపేరు చేస్త, పాత బండ్లు అమ్మిపెడ్త, కొనిపెడ్త. ఎనిమిదో తరగతిల లెక్కల సారు నన్ను క్లాసు బయట నిలవెట్టిండు. బయట ఆయన మోపెడు ఉండె. ఊకెనే నిలవడుడు ఎందుకని దాని ప్లగ్గు ఇప్పి చూసిన. గా దినం సంది ఆయన నన్ను లోపటికి పిలువలేదు, నేను పోలేదు. జనగామల ఒక ఉస్తాద్ దగ్గర పానా పట్టుడు నేర్చుకొని, పెండ్లయినంక మానుకోటకు వచ్చి పడ్డ.

నా చేతుల మీదుగ పోయిన బండ్లు మస్తు. ఎవలన్న ఈ పని గురించి అడిగితె మాత్రం నేను బాలు సంగతే చెప్త.

బాలు నాయక్ గూడూరు దిక్కు తండా పిల్లగాడు. కొత్తగూడ మండలంల గోపాలమిత్ర పని చేస్తడు. తెల్వనోల్లకు చెప్తున్న: బర్రె, ఆవు ఎదకొచ్చిందంటె ఇంటికి పోయి, దున్నపోతుతోని పని లేకుండ సూదితోని చూలు కట్టించేటోడు. దానికి కావలసిన వీర్యం సన్నటి స్ట్రాలల్ల ఉంటది. గా స్ట్రాలు నైట్రోజన్ క్యానుల మునిగి ఉంటయి. క్యాను చూస్తె పాలక్యాను లెక్కనే ఉంటది, కాని పక్కకు ఒరిగితె లోపలి చలువంత పొగలెక్క పోతది, స్ట్రాలు దేనికీ పనికి రావు. ఎద ఒక్క దినం ఉంటది. తప్పిందా, మల్ల మూడు వారాలు ఆగాలె.

బాలు వచ్చిన దినం వాన సన్నగ కురుస్తున్నది. కుర్చీ ఏసిన. కూసోడు. షెడ్డుల ఈ మూలకెల్లి ఆ మూలకు తిరుగుతుండు.

"ఏంది డాక్టర్ సాబ్, ఎద బర్రెకా నీకా? గట్ల తిరుగుతున్నవ్" అన్న.

"అన్నా, జర మజాక్ పక్కకు పెట్టు. మొన్న వాగుల పడ్డ."

మామూలు బండి, నున్నటి టైర్లు. వాగు ఒడ్డున బురదల జారి బండి ఒక దిక్కు, క్యాను ఒక దిక్కు పడ్డయట. ఆ దినం పోవాల్సింది లచ్చవ్వ అనే ముసలామె బర్రెకాడికి. దానికి ముందుసారి కూడ బురదల దిగబడి, చేరేసరికి ఎద దాటిపోయిందట.

"పై సారు ఏమన్నడు?"

"ఇంకొక్కసారి క్యాను ఒరిగితె గా అడివి ఊర్లు వేరేటోనికి ఇస్తనన్నడు. సారు సంగతి అట్లుంచు. అవ్వ బర్రె మూడోసారి తప్పిందనుకో, ఊర్ల ఎవ్వలు నన్ను పిలువరు. అక్కడ అందరు అవ్వ మాటే వింటరు."

"మల్ల ఎదకు ఎప్పుడొస్తది?"

"మూడు వారాలల్ల. అంతలోపట నాకు డ్యూయల్ స్పోర్ట్ బండి కావాలె."

డ్యూయల్ స్పోర్ట్ అంటె రెండు రకాల తొవ్వలకు పనికొచ్చే బండి. డాంబరు రోడ్డు మీద రోజు పనికి పోవచ్చు, అవసరం పడితె అడివిల, వాగుల దిగొచ్చు. ముందు చక్రం పెద్దగ ఉంటది. ఇంజను కింద జాగ ఎక్కువుంటది, దాన్ని గ్రౌండ్ క్లియరెన్స్ అంటరు, రాయి తగులకుండ. బాలుకు గూడూరు నుంచి కొత్తగూడ దాంక డాంబరే. అది దాటినంక అడివి మొదలు. ఇలాంటి బండి అడిగేటందుకు మా దిక్కున అతనికంటె హక్కున్నోడు లేడు. మిగిలినోల్లంత ఫొటోల కోసం కొనుక్కునేటోల్లే.

నాకు ఎరుకల రెండు పాత బండ్లు ఉండె. ఒకటి జనగామ జిల్లా పాలకుర్తిల, ఒకటి భూపాలపల్లిల. పాలకుర్తి బండి ఫొటో చూపిచ్చిన. బాలు ఫోను దూరం పెట్టి చూసిండు, దగ్గర పెట్టి చూసిండు.

"ఇదేందన్నా, బర్రె లెక్కనే ఉన్నది."

"నీకు గదే కద అలవాటు."

"బరువుంటది. సీటు మరీ కిందికున్నది. వద్దు. భూపాలపల్లిది చూద్దాం."

అది చూసినంక ఇంకేం చెప్పినా చెవికెక్కలే. ఎత్తుగ, సన్నగ, కోడిపుంజు లెక్క నిలవడ్డది. తెల్లారంగనే నా బండి మీద ఇద్దరం బయలెల్లినం. పరకాల దాటినంక, చెల్పూరు కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కనవడ్డకాడి నుంచి బాలు వెనక కూసొని నా భుజం మీద తాళం ఏస్తనే ఉండు.

బండి ఓనరు బొగ్గుబాయిల పనిచేసే అన్న, నాకు పాత దోస్తు. నేను ఎయిర్ ఫిల్టర్ ఇప్పి చూసిన. అది ఇంజను ముక్కు అనుకోండ్రి, బండి ఏ గాలి పీల్చిందో అదే చెప్తది. నల్లగ నిండిపోయి ఉన్నది. ముందు షాకుల ఆయిలు సీళ్లు కారుతున్నయి. అవి పెద్ద రోగాలు కావు. ఇంజను మంచిగున్నది. బాలు ఎక్కి కూసున్నడు. రెండు కాళ్ల మునివేళ్లు మాత్రమే భూమికి అందుతున్నయి. మొఖం చూస్తె పెండ్లికొడుకు.

"బేరం చేయన్నా, ఇంక చూసేదేం లేదు" అని నా చెవిల అన్నడు.

"ఆగు. తోలి చూడకుండ తాళి కడ్తవా" అన్న.

మా పనిల ఒక పద్ధతి ఉన్నది. తెల్సినోల్ల మధ్యన పాత బండి కొనాలంటె, మన బండి వాళ్లకాడ ఉంచి, వాళ్ల బండి తీస్కపోయి మన తొవ్వ మీద నడిపి చూసుకుంటం. బొగ్గుబాయి అన్న కూడ సరే అన్నడు. సాయంత్రానికి కోడిపుంజుతోని మానుకోట చేరినం.

తెల్లారి కొత్తగూడ పోయినం. బాలు గా బండి మీద, నేను షెడ్డుల ఉన్న ఒక పాత బండి మీద. క్యాను పెట్టేటందుకు ఆ బండికి వెనక జాగనే లేదు. తోక లెక్క పైకి లేసి ఉన్నది. ఖాళీ క్యాను తెచ్చి తాడుతోని సీటుకు కట్టిండు. బస్సులు ఆగేకాడ ఒక ముసలామె తౌడు సంచి ముందు పెట్టుకొని నిలవడి ఉన్నది. బాలును చూసి చెయ్యి లేపింది. లచ్చవ్వ ఆమెనే.

"కొత్త బండా బిడ్డ?"

"చూస్తున్నమవ్వా. రా, ఎక్కు. ఇంటికాడ దించుత."

అవ్వ బండిని కిందికెల్లి మీదికి చూసింది. చీర కుచ్చెళ్లు ఎగదోపుకొని ఒక కాలు లేపింది. కాలు ఫుట్‌రెస్ట్ దాంక పోలే. నేను చెయ్యి పట్టిన. ఒకసారి ఎక్కబోయి క్యానుకు మోకాలు కొట్టుకున్నది. ఇంకోసారి బండి ఒరిగింది, బాలు మునివేళ్ల మీద ఆపుకోలేక ఆగమైండు. పక్కనున్న ఆటో డ్రైవరు పేపరు మడిచి పెట్టి మరీ చూస్తుండు.

"దీన్ని ఎక్కాల్నంటె నిచ్చెన తెచ్చుకోవాలె కొడుకా" అని అవ్వ దిగిపోయి సంచి మీద కూసున్నది.

నేను అవ్వను అడిగిన: "బర్రె ఎదకొస్తె ఫోన్ చేస్తె ఆయనే వస్తడు కద అవ్వా, నువ్వు ఎక్కుడు ఎందుకు?"

"మా ఊర్ల ఫోన్ యాడ పలుకుతది. నేను ఈడి దాంక వచ్చి చెప్తె ఆయన నన్ను ఎక్కించుకొని వస్తడు. బర్రె ఇంటికాడ ఉంటదా ఏంది, అడివిల మేస్తది. నేను పిలిస్తెనే ఆగుతది. ఈయన పిలిస్తె ఉరుకుతది."

బాలు దిక్కు చూసిన. ఆయన చైను దిక్కు చూస్తుండు.

"అందరు ఇట్లనే వస్తరా?"

"అందరు అన్నా. అవ్వలు, బాపులు. ఎవలి జీవం ఎదకొస్తె వాళ్లు నడిసొస్తరు, ఎక్కించుకొని పోత."

"మరి నాకెందుకు చెప్పలే?"

"అది బండి సంగతి అనుకోలే. ఎక్కించుకోక ఎట్ల పోత?"

నాకు నవ్వు రావాల్సిన జాగల రాలే. సీసీ అడిగిన, సస్పెన్షన్ అడిగిన, వాగు లోతు అడిగిన. బాలు అన్నీ చెప్పిండు. వెనక సీటు మీద రోజు ఒక మనిషి ఉంటరన్నది ఆయనకు గాలి పీల్చుకున్నంత మామూలు సంగతి. గాలి పీలుస్తున్నవా అని ఎవలు అడుగుతరు, ఎవలు చెప్తరు.

కోడిపుంజును భూపాలపల్లిల ఒప్పజెప్పి వచ్చేటప్పుడు బాలు వెనక కూసున్నడు, నా భుజం మీద తాళం ఏసుడు లేదు. ములుగు దాటినంక అన్నడు, "వారం పోయిందన్నా."

పాలకుర్తి బండి ఒక పెద్ద రైతు కొడుకుది. లడాఖ్ పోతనని కొన్నడట, పక్కనున్న రాయపర్తి దాంక పోయి వచ్చిండు. పత్తి గోదాముల కవరు కప్పి ఉన్నది. బరువు ఎక్కువే. సీటు మాత్రం కింద ఉన్నది, పొడుగ్గ, మెత్తగ ఉన్నది, వెనక ఇనుప క్యారేజు ఉన్నది. బాలు కూసుంటె రెండు పాదాలు మడిమెల దాంక ఆనినయి. మొఖంల పెండ్లికొడుకు కళ లేదు. పెద్దలు కుదిర్చిన సంబంధం చేసుకుంటున్నోని లెక్క కూసున్నడు.

బేరం కుదిరి షెడ్డుకు తెచ్చినంక ఐదు పనులు చేసిన. టైర్లు మార్చి గడ్డలు గడ్డలుగ ఉండే బ్లాక్ టైర్లు ఏసిన, బురదను అవి పట్టుకుంటయి. క్యాను కోసం ఎడమ పక్క కిందికి ఒక ఇనుప బుట్ట వెల్డింగ్ చేసి లోపల పాత ట్యూబు ముక్కలు పరిచిన. బరువు కిందికుంటె బండి ఊగదు. కుడిపక్క అవ్వలు కాలు పెట్టేటందుకు ఒక మెట్టు అతికిచ్చిన. వెనక పట్టుకునేటందుకు ఒక కడ్డీ ఏసిన. ముందల షోకుకు పెట్టిన మెరిసే లైట్లు పీకేసిన.

"ఇది స్పోర్ట్ బండా, కల్లు బండా" అన్నడు బాలు.

"కల్లు బండే ఏ దినం ఆలస్యం కాదు చూడు" అన్న.

బరువు బండి పడితె లేపుడు ఒక పని. హ్యాండిల్ పట్టి గుంజితె నడుం పోతది. బండికి వీపు ఆనిచ్చి, మోకాళ్లు వంచి, కాళ్లతోని ఎత్తాలె. షెడ్డు వెనక బురదల పండవెట్టి బాలుతోని లేపిచ్చిన, మల్ల పండవెట్టిన. రోడ్డు మీద పోయేటోల్లు ఆగి, మాకేమైందని నా పెండ్లాన్ని అడిగిపోయినరు.

మూడో వారంల వాన మల్ల దంచింది. నాకు షెడ్డుల పని మీద మనసు నిలువలే. నేను అతికిచ్చిన బుట్ట గతుకులల్ల ఊడితె బాలు పని పాయె, నా పేరు పాయె. రోజు పొద్దుగాల పానాలు సంచిల ఏసుకొని కొత్తగూడ పోవుడు, బాలుతోని చాయ తాగుడు, తొవ్వ దిక్కు చూసుడు. ఒకనాడు తుంపర్లు పడ్తుండంగ అవ్వ ప్లాస్టిక్ కవరు నెత్తి మీద కప్పుకొని నడిసొచ్చింది.

"వచ్చింది బిడ్డ. రాత్రి సంది ఒర్లుతున్నది."

బాలు చాయ గ్లాసు కింద పెట్టలే, నా చేతికిచ్చిండు. అవ్వ మెట్టు మీద కాలు పెట్టి, కడ్డీ పట్టుకొని ఎక్కి కూసున్నది, బస్సు ఎక్కినట్టే. నేను ఎన్క పోయిన.

వాగు ఎర్రగ పారుతున్నది, మోకాలు లోతు. బాలు ఆగి నీళ్లను చూసిండు, దిగిండు. నడిమిట్ల ముందు చక్రం రెండు రాళ్ల సందుల ఇరికింది. బండి క్యాను దిక్కు ఒరుగుతున్నది. నేను ఒడ్డున బండి స్టాండు ఏసి నీళ్ల దాంక ఉరికిన. బాలు రెండు పాదాలు నీళ్లల్ల దించి గట్టిగ ఆనిచ్చిండు. అవ్వ కదులలే. ఒక చెయ్యి కిందికి చాపి క్యాను చెవి పట్టుకొని, ఇంకో చేతితోని బాలు అంగి పట్టుకొని కూసున్నది.

"రేజు ఇయ్యకు. క్లచ్చు మీద మెల్లగ వదులు" అని ఒడ్డు మీదికెల్లి అరిసిన. ఇనవడ్డదో లేదో. బండి రెండుసార్లు ముందుకు వెనక్కు ఊగింది, రాయి మీదికెక్కింది, అవతలికి పాకింది. ముందలి కోడిపుంజు మీద మునివేళ్లతోని ఉంటె ఏమయ్యేదో నేను చెప్పక్కరలేదు.

నా బండి ఆడనే ఉంచి నేను నడిసి వాగు దాటిన. అవతల చేనంచున బర్రె జాడ లేదు. అవ్వ బండి దిగి, అడివి దిక్కు తిరిగి, "సుక్కీ, ఓ సుక్కీ" అని పిలిచింది. ఆకుల మీద వాన సప్పుడు తప్ప ఏం లేదు. బాలు క్యాను మూత మీద చెయ్యి పెట్టి నిలవడ్డడు. నేను కూడ పిలువబోతె అవ్వ నోరు మూసుకొమ్మని చెయ్యి చూపిచ్చింది. చానసేపటికి పొదలు కదిలినయి. నొసటి మీద తెల్ల మచ్చతోని బర్రె వచ్చి అవ్వ చెయ్యి నాకింది. బాలు పని పావుగంటల అయిపోయింది. మూడు వారాలు ఉరికింది గా పావుగంట కోసమే.

అయితె పరేషాన్ అప్పుడు తీరలే. చూలు కట్టిందా లేదా అన్నది మల్ల మూడు వారాలకు గాని తెల్వది. కట్టకపోతె బర్రె మల్ల ఎదకొస్తది, అవ్వ మల్ల నడిసొస్తది. మూడు వారాలు నిండినకాడి నుంచి నేను పొద్దుగాల ఫోన్ చేసుడు.

"వచ్చిందా?"

"రాలే."

"మంచిది."

మా ఇద్దరి ముచ్చట రోజు అంతే. ఇంట్ల నా పెండ్లాం అనుమానంగ చూసేటిది. నాలుగో దినమో ఐదో దినమో బాలే ఫోన్ చేసిండు.

"అన్నా, అవ్వ వస్తున్నది. దూరంగ కనవడ్తున్నది."

"ఫోన్ పెట్టకు."

అటు దిక్కు అడుగుల సప్పుడు, బాలు మాట ఇనవడ్డయి. "మల్ల ఎదకొచ్చిందా అవ్వా?"

"బర్రెకేమైంది, మంచిగ మేస్తున్నది. నా కండ్లు మసక అయితున్నయి, దవాఖానల చూపిచ్చుకుంట. ఊకె నిలవడ్డవేంది, బండి తియ్యి."

నేను ఫోన్ పట్టుకొని షెడ్డుల కుర్చీల కూసున్న. ఆ రెండు నెలలల్ల మొదటిసారి కుర్చీ మెత్తగ అనిపిచ్చింది.

గిప్పుడు ఎవలన్న మొదటిసారి ఇలాంటి బండి కావాల్నని వస్తె సీసీ అడుగను, స్పీడు అడుగను. రోజు ఎవలిని ఎక్కించుకుంటవో వాళ్లను తీసుకరా, తర్వాత బండి చూద్దామంట. చానమంది నవ్వి పోతరు. మొన్న ఒకాయన మాత్రం తల్లిని తీసుకొచ్చిండు. ఆమె నాలుగు బండ్లు ఎక్కి దిగి, ఐదోదాని మీద కూసొని, బత్తాయి ఒలుచుకొని తిన్నది. ఇంక నేను అడిగేదేం ఉంటది, తాళం తీసి కొడుకు చేతిల పెట్టిన.