చింతపండుతో తోమిన ఆర్గన్

శంషాబాద్ దగ్గరి ఓ పాత చర్చిలో గొట్టాల్లోకి గాలి పంపి వాయించే పైపు ఆర్గన్ బాగుచేస్తున్నాను. ఆరు నెలలుగా ఒక్కో గొట్టాన్నీ శ్రుతి చేసి బల్లల మీద పేర్చాను. ఈ రోజు వెళ్లేసరికి అన్నీ తళతళలాడుతున్నాయి, స్వరం పలికే మూతులు మాత్రం వంగిపోయాయి. ఒకప్పుడు ఆ ఆర్గన్‌కి తిత్తులతో గాలి కొట్టిన ముసలి మరియమ్మ వాటిని ఇత్తడి బిందెల్లా చింతపండుతో తోమేసింది.

"పండుగొస్తున్నది గద సారూ, జర మెరవాలె," అంది.

"ఇక పాడదు. దీని గొంతు నువ్వే పిసికావు," అన్నాను, చర్చిలో ఉన్న అందరి ముందూ.

ఆమె కాసేపు తన చేతులు చూసుకుని, ఆర్గన్ పైనే ఉండిపోయిన, చెయ్యందని నాలుగు గొట్టాలు చూపించింది. "గవి తోమలే సారూ. గవన్నా పాడుతయా?"

అవి అందానికి పెట్టిన, గాలే వెళ్లని ఉత్తుత్తి గొట్టాలు. ఆ మాట కూడా చెప్పేశాను. దాచి ఉండాల్సిందంటారా?