పొయ్యి ఊదినట్టు

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో, ఒక ఉదయం నాకు నొప్పులు మొదలయ్యాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో మావారూ నేనూ ఎక్కిన ఆటో ఆసుపత్రికి చేరకుండానే ఎల్బీనగర్‌లో ఆగిపోయింది. ఎదురుగా వంటావార్పు. ఆడవాళ్లు నిరసనగా నడిరోడ్డు మీద రాళ్ల పొయ్యిలు పెట్టి అన్నం వండుతున్నారు.

నా కేక విని ఒకామె చేతిలో ఊదుగొట్టంతోనే పరుగెత్తుకొచ్చింది.

"ఊపిరి బిగవట్టకు బిడ్డా. పొయ్యి ఊదినట్టు ఊదు."

బలమంతా పెట్టి ఊదాను.

"గట్ల గాదు! బూడిదంత మొఖం మీదికొస్తది. మెల్లగ, పొడుగ్గ."

ఊదుగొట్టం నా చేతిలో పెట్టింది. అలాగే ఊదాను. నొప్పి పోలేదు కానీ, భయం పోయింది.

"ఏ ఊరు మీది?"

"గుంటూరండీ," అన్నాను బెరుగ్గా.

"గుంటూరైతేంది? పుట్టేది ఈడనే గద, బిడ్డ మాదే," అని నవ్వి, వెనక్కి తిరిగి అరిచింది. "పొయ్యిలు జరుపుండ్రి, ఆటోకు తొవ్వియ్యుండ్రి!"

ఉడుకుతున్న గుండిగను నలుగురు పక్కకు మోశారు.

మధ్యాహ్నానికి అమ్మాయి పుట్టింది. నర్సు నా పిడికిలి విప్పితే ఊదుగొట్టం ఇంకా అందులోనే ఉంది. ఆ రోజు వాళ్ల అన్నం ఉడికిందో లేదో!