ఖాలా టీవీ గొంతు తగ్గించిన సాయంత్రం

నా చిన్నప్పుడు గోదావరిఖనిలో మా క్వార్టర్ల లైనంతటికీ ఒక్కటే టీవీ, అదీ మా పక్కింటి ఖాలాది. ఖాలా అంటే పెద్దమ్మ వరస. లైనులో పిల్లలందరం ఆమెను అట్లాగే పిలిచేవాళ్ళం. ఆమె భర్త బొగ్గుబాయిలో పనిచేసి, నేను బడికి పోకముందే చనిపోయాడు. ఆయన బదులు ఆమెకు కంపెనీ క్యాంటీన్‌లో పని ఇచ్చి, క్వార్టర్‌లో ఉండనిచ్చారు. కొడుకు లారీలు బాగుచేసే షెడ్డులో పని నేర్చుకుని, తల్లికి తోడుగా ఉంటుందని ఆ నలుపు తెలుపు టీవీ కొనిపెట్టాడు. సాయంత్రమైతే ఆమె ముందుగది నిండా మేమే.

ఇప్పుడు మా ఇంట్లో గోడంత టీవీ ఉంది. చూద్దామని కూర్చుంటే ఒక్కటీ మనసుకు పట్టదు. సీరియల్లో కోడలు పట్టుచీర, నగలన్నీ పెట్టుకుని నిద్రపోతుంది. అత్త ఒక్క మాట అంటే చాలు, ఉరుములు ఉరిమించి అందరి ముఖాలూ చూపిస్తారు. వార్తల్లో నలుగురు కూర్చుని ఒకరి మాట ఒకరిని విననీయరు. పోనీలే అనుకుంటాను. కానీ ఆరోగ్య కార్యక్రమం అని పేరుపెట్టి, తెల్లకోటు వేసుకున్న మనిషిని కూర్చోబెట్టి, ఫోన్ చేసిన ప్రతివాళ్ళకూ ఒకే మందు అంటగడతారు చూశారూ, అది చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఎందుకు మండుతుందో చెప్పాలంటే మా నాయిన సంగతి చెప్పాలి.

నాయిన బాయి దిగి, బొగ్గు ఎత్తి పట్టాల మీది టబ్బుల్లో నింపే పని చేసేవాడు. ఓ చలికాలం పట్టుకున్న దగ్గు ఎండలు ముదిరినా ఆయన్ని వదల్లేదు. దవాఖానకు పొమ్మని అమ్మ రోజూ పోరు పెట్టేది. ఆయన వినేవాడు కాదు. అక్కడ ఛాతీ ఫొటో తీస్తే అన్‌ఫిట్ రాస్తారని, అన్‌ఫిట్ అయితే నౌకరి పోతుందని, నౌకరి పోతే క్వార్టర్ ఖాళీ చెయ్యాలని ఆయన భయం. అట్లా సామాను ఎడ్లబండికి ఎక్కించుకుని పోయిన కుటుంబాలను మేమూ చూశాం. ఆ భయం ముందు అమ్మ మాట ఎంత?

అప్పుడే టీవీలో ఓ దగ్గు మందు ప్రకటన మొదలైంది. చక్కగా తల దువ్వుకున్న మనిషి తెల్ల రుమాలు చేతపట్టుకుని దగ్గుతుంటాడు. భార్య దిగులుగా చూసి చెంచాడు మందు పోస్తుంది. వెంటనే పాట అందుకుంటుంది, ఆయన లేచి పిల్లవాణ్ణి గాల్లోకి ఎగరేస్తాడు. ఆ పాట మా లైనులో అందరికీ నోటికొచ్చు. కొద్దిరోజులకే మా గూట్లోనూ ఆ సీసా వచ్చి కూర్చుంది. నాయిన తాగేవాడు, తాగి తగ్గిందనేవాడు. అమ్మా తగ్గిందనేది. ఆయన దగ్గుతుండగానే తగ్గిందని మేం అనుకునేవాళ్ళం. అదీ ఆ పాట మహిమ!

ఖాలా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. సాయంత్రం అజాన్ వినపడగానే ఆమె టీవీ గొంతు పూర్తిగా తగ్గించేది. పిల్లలం అలుగుతామని బొమ్మను మాత్రం ఆర్పేది కాదు. మసీదులో పిలుపు ముగిసేదాకా ఎవరం నోరెత్తకూడదు. మాకు చెడ్డ విసుగ్గా ఉండేది.

ఒకరోజు మొదటి షిఫ్టు ముగించుకుని, స్నానం చేసి, నన్ను ఇంటికి పిలుచుకుపోదామని నాయిన వచ్చాడు. ఖాలా కూర్చోమంటే కాదనలేక గడప దగ్గర కూర్చున్నాడు. ఇంతలో అజాన్ మొదలైంది, ఆమె గొంతు తగ్గించింది. సరిగ్గా అప్పుడే తెరమీదికి ఆ ప్రకటన వచ్చింది. పాట లేదు, మాట లేదు. తెరమీద మనిషి నోరు తెరిచి దగ్గుతున్నాడు. మాకు వినిపిస్తున్న దగ్గు మాత్రం మా నాయినది. ఆపుకుందామని చూశాడు పాపం. ఆపుకోలేక రుమాలు నోటికి అదిమిపట్టి, మెడనరాలు ఉబ్బేలా దగ్గాడు. పిల్లలందరం తెర వదిలేసి ఆయన వంకే చూస్తున్నాం. ఆ దగ్గును నేను నిజంగా విన్నది ఆ రోజే.

అజాన్ అయిపోయింది. ఖాలా లేచింది గానీ టీవీ గొంతు పెంచలేదు. వచ్చి నాయిన ఎదుట కూర్చుని చెయ్యి చాపింది.

"రుమాలు ఇటియ్యి తమ్మీ."

నాయిన పిడికిలి బిగించాడు. ఏం లేదన్నాడు, మామూలు దగ్గేనన్నాడు. ఆమె చాపిన చెయ్యి వెనక్కి తీయలేదు. చివరికి ఇచ్చాడు. ఒళ్ళంతా శుభ్రంగా రుద్దుకుని వచ్చిన మనిషి, రుమాలులో మాత్రం కాటుకలాంటి నల్లటి కళ్ళె.

"టీవీల ఆయన రుమాలు చూసినవా? అంత దగ్గిండు, తెల్లగనే ఉన్నది. ఆ మందు గసొంటోళ్ళకు. నీకు గాదు." రుమాలు మడిచి, మెల్లగా అంది: "మీ బావ రుమాళ్ళు గిట్లనే నల్లగుంటుండె. నౌకరి పోతదని ఎవ్వలకు చెప్పలె, ఉతికి ఉతికి దాచిన. నౌకరి ఉండంగనే మనిషి పాయె."

నాయిన తలవంచుకుని ఏడ్చాడు. ఆయన ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. భయమేసి అమ్మకోసం పరుగెత్తాను.

మర్నాడు ఖాలా, అమ్మ కలిసి ఆయన్ని దవాఖానకు తీసుకుపోయారు. ఊపిరితిత్తుల్లో దుమ్ము చేరిందని, ఇక బాయి దిగొద్దని డాక్టరు చెప్పాడు. నాయిన భయపడ్డట్టు క్వార్టర్ పోలేదు. పైన, బాయి దిగేవాళ్ళకు తలలైట్లు అందించే గదిలో పని ఇచ్చారు. అది ముసలివాళ్ళ పని అని మొదట్లో ముఖం చిన్నబుచ్చుకున్నాడు గానీ, మెల్లగా అలవాటు పడ్డాడు. చేరిన దుమ్ము పోలేదు, కొత్తది చేరలేదు. నా పెళ్ళి చేశాడు, నా పెద్దబిడ్డను చూసుకున్నాడు. దాన్ని ఎగరేసి ఆడించడానికి ఊపిరి చాలక, ఒళ్ళో కూర్చోబెట్టుకుని ముచ్చట్లు చెప్పేవాడు. మాకు అదే పదివేలు.

ఆ ప్రకటన తీసినవాళ్ళు అబద్ధమాడారని నేననను. జలుబు దగ్గుకు ఆ మందు పనిచేసే ఉంటుంది. కానీ ఆ సీసా కొనేవాళ్ళలో బాయి దిగే మనిషి ఒకడుంటాడన్న ఆలోచనే వాళ్ళకు రాలేదు. మా ఇంటి లాంటి ఇల్లు తెరమీద ఎన్నడూ చూపించలేదు. కొనమని మాత్రం మాకూ చెప్పారు. నా కోపమంతా అక్కడే. ఇన్నేళ్ళయినా అది చల్లారలేదు.

అందుకే ప్రకటన రాగానే టీవీ గొంతు తగ్గించేస్తాను. మనవలు నవ్వుతారు, నానమ్మకు చాదస్తం అంటారు. అననీ. మొన్న అట్లా తగ్గించినప్పుడే పక్కగదిలో మా ఆయన మోకాలు పట్టుకుని మూలగడం వినపడింది. అడిగితే ఏం లేదన్నాడు. నేను రిమోట్ పక్కన పెట్టి, వెళ్ళి ఆయన ఎదుట కూర్చున్నాను.